బ్లాకాఫీసు జీపు – నా పాత అభ్యంతరం

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి పంపమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, నాయకుల చరిత్ర వ్రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను బ్లాకాఫీసు జీపు చరిత్ర వ్రాస్తున్నాను. వెనుక బల్లమీద మోకాలికి మోకాలు తగులుతూ కూర్చుని క్యాంపులకు వెళ్ళిన మిత్రులకు ఇది పరాయి విషయం కాదు.

ఇందుకు కారణముంది. రెండేళ్ళ క్రితం, డెబ్బై మూడో ఏట, నేనొక పాత పెట్రోలు జీపు కొన్నాను. 1974 మోడల్ మహీంద్రా సి.జె.3బి. మా ఆఫీసులో ఉండినదీ ఈ రకమే. “మోకాళ్ళకు నూనె రాసుకునే వయసులో జీపుకు గ్రీజు రాస్తారా?” అన్నది మా ఇంటావిడ. కొనేముందు ఆర్.సి. పుస్తకంలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మూడుసార్లు సరిచూసుకున్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! బానెట్ ఎత్తి ఏం చూడాలో మాత్రం తెలియలేదు. సర్వీసులో ఎన్నో ఏళ్ళు లాగ్ బుక్కులు తనిఖీ చేసిన వాడిని, బండి తాళం కూడా ముట్టుకున్న వాడిని కాను.

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే తేలికపాటి బండి నమూనా 49 రోజుల్లో కావాలన్నది. బాంటమ్ అనే చిన్న కంపెనీ గడువులోగా నమూనా తెచ్చింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. మన దేశంలో సైన్యం అమ్మివేసిన ‘డిస్పోజల్ జీపులు’ ఆ సంతతివే.

1945లో లూధియానాలో ‘మహీంద్రా అండ్ మొహమ్మద్’ అనే ఉక్కు వ్యాపార సంస్థ మొదలైంది. దేశ విభజనతో భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి, ఆ దేశపు మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించి అమ్మడం వారు మొదలుపెట్టారు. తరువాత భాగాలు కూడా ఇక్కడే తయారయ్యాయి.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. మన రాష్ట్రంలో 1959 నవంబరు 1 నుంచి పంచాయతీ సమితులు వచ్చాయి. పల్లెలకు జీపు రాకడ ఈ పథకాలతోనే పెరిగింది. ఎరువు బస్తా, టీకా మందు, ఎన్నికల పెట్టె అన్నీ దానిలోనే వెళ్ళేవి. ఊళ్ళో జీపు చప్పుడు వినిపిస్తే ప్రభుత్వం వచ్చినట్టే.

ఇక నా చదువు సంగతి. మా ఊరి మెకానిక్కు మేస్త్రికి నా కొడుకు వయసు. “బాబాయిగారూ, మీరు కూర్చోండి, నేను చేస్తాను” అనేవాడు. “నువ్వు కూర్చో, నేను చేస్తాను, తప్పయితే చెప్పు” అన్నాను. మొదటి రోజే పరువు పోయింది. ఎడమవైపు చక్రం నట్లు ఊడదీయబోయి, పానాకు పైపు తొడిగి ఒళ్ళంతా బలం పెట్టాను. ఎంత తిప్పితే అంత బిగుసుకున్నాయి. మేస్త్రి నవ్వి, “అవి ఎడం మరలండీ, ఇటు తిప్పాలి” అని చూపించాడు. బండి ముందుకు పోతున్నప్పుడు నట్లు వదులు కాకుండా ఆ రోజుల్లో ఎడమ చక్రాలకు ఎడం మర పెట్టేవారట.

ఆ తరువాత ఒక్కొక్కటే నేర్చుకున్నాను. ప్లగ్గు సందు 30 థౌ, పాయింట్ల సందు 20 థౌ. సిలిండర్లు మండే వరుస 1-3-4-2. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు గనుక బండి బాగా ఆగాకే వేయాలి. విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఎండాకాలంలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ వేయాలి. మా ఆఫీసు డ్రైవరుగారు అలా తువ్వాలు తడిపి వేస్తుంటే, అదేదో మూఢనమ్మకమనుకొని నేను నవ్వేవాడిని.

కిందటి వానాకాలంలో, నిండి పారుతున్న చిన్న డొంకను జీపుతో దాటాను. పది రోజులకు ముందు చక్రంలో గరగర మొదలైంది. మేస్త్రి దగ్గర హబ్బు విప్పాము. లోపలి గ్రీజు మజ్జిగలా తెల్లగా ఉన్నది. బేరింగు మీద తుప్పు చుక్కలు. పరుగెత్తి వేడెక్కిన హబ్బు చల్లని నీళ్ళలో దిగితే, లోపలి గాలి కుంచించుకొని సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుందని మేస్త్రి చెప్పాడు. “ఇది మంచినీళ్ళు గనుక సరిపోయింది. ఉప్పునీళ్ళయితే నాలుగు చక్రాలూ వెంటనే విప్పాల్సిందే. లేకపోతే బేరింగు పట్టేస్తుంది, బ్రేకు సిలిండర్లు తినేస్తుంది” అన్నాడు.

నా చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. మా బ్లాకు జీపును సహాయ కార్యక్రమాలకు పంపారు. డ్రైవరుగారు పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ వైపు వెళ్ళి, మూడు వారాలపాటు ఉప్పు బురదలో బియ్యం, మందులు మోశారు. తిరిగి వచ్చేటప్పుడు బందరులో ఒక షెడ్డులో నాలుగు చక్రాల బేరింగులు, సీళ్ళు, బ్రేకు సిలిండర్ కిట్లు మార్పించి, డబ్బు తన జేబులోంచి ఇచ్చి బిల్లు తెచ్చారు. మొత్తం 186 రూపాయలు.

ఆ బిల్లు నా సీటుకు వచ్చింది. ముందస్తు మంజూరు లేదు, కొటేషన్లు లేవు, నాలుగు చక్రాలకూ ఒకేసారి మరమ్మతు అవసరమన్న ధృవీకరణ లేదు అని నోటు వ్రాశాను. చక్కటి దస్తూరీతో వ్రాశాను. పై అధికారి సంతకం చేశారు. బిల్లు తిరిగిపోయింది, ఆ డబ్బు ఆయనకు రాలేదు. “అవి చెడిపోలేదు గుమాస్తాగారూ, చెడిపోకుండా మార్పించాను” అని ఆయన ఒక్కసారి అన్నారు. నిబంధన చూపించి పంపేశాను. ఆ జీపు ఆ తరువాత ఎనిమిదేళ్ళు తిరిగింది. ఒక్కసారి కూడా బ్రేకు ఫెయిలు కాలేదు. అందులో నేనూ ఎన్నోసార్లు ఎక్కాను.

డ్రైవరుగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య కుటుంబ పెన్షను మీద ఉన్నారని తెలుసుకొని, జీపు బాగయ్యాక స్వయంగా నడుపుకుంటూ వాళ్ళ ఊరు వెళ్ళాను. విషయం చెప్పి, ఒక కవరు ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“ఆయన మిమ్మల్ని ఏమీ అనలేదండీ. కాయితం మీద అలా రాయాల్సిందేనన్నారు. అప్పు తీరేదాకా తవ్వెడు పాలు సోలెడుకు తగ్గించుకున్నాం, అంతే” అన్నారు.

వెళ్ళేముందు బయటికి వచ్చి, జీపు బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. “ఆయన బండీ ఇలాగే ఉండేది” అన్నారు.

1986 చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. మన జీపులు కండెమ్ అయి వేలంలో వెళ్ళిపోయాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగింపు లేదు, తుక్కుకు పంపవలసిందే. కాబట్టి ఆఫీసు బండిని ఎవరో రైతు వేలంలో కొని మళ్ళీ నడిపించుకునే ముచ్చట ఇకమీదట ఉండదు.

ఆ జీపుల లాగ్ బుక్కులు కూడా చెదలు తిని ఉంటాయి. తిరిగిన మైళ్ళు, పోసిన పెట్రోలు అందులో వ్రాశాము గాని, బండి ఎందుకు ఆగకుండా తిరిగిందో వ్రాయలేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను. 1977 నాటి ఆ బిల్లుపై నా అభ్యంతరాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. బిల్లు సక్రమమైనదే.