పేరుకే మిస్రీ హర్ఫ్, అసలైన అరబీ హక్కు

ఉర్దూ అఖ్బార్లలో పెద్ద హెడ్డింగును సుర్ఖీ అంటాం. కాతిబ్ తన ఖలంతో దాన్ని లావుగా రాసేవాడు. ఇంగ్లిషు అచ్చులో ఆ పని కోసమే పుట్టిన హురూఫ్‌లో ఒక రకం స్లాబ్ సెరిఫ్.

ఇంగ్లిషు అక్షరాల కొసలకు చిన్న పాదాలుంటాయి. అవే సెరిఫ్‌లు. పుస్తకాల్లో అవి సన్నగా ఉంటాయి. స్లాబ్‌లో మాత్రం ఇంటికి వేసే స్లాబులా మందంగా, పలకలుగా ఉంటాయి. దాని పెద్ద ‘ఐ’ అక్షరం ఉక్కు దూలాన్ని అడ్డంగా కోసినట్టే ఉంటుంది. మన నస్తాలీఖ్ దీనికి పూర్తిగా ఉల్టా. ఖలం తిరిగినకొద్దీ గీత సన్నబడుతుంది, లావవుతుంది. ఆ నజాకతే దాని జాన్. స్లాబ్‌కు నజాకత్‌తో పనిలేదు. దారిన పోయేవాణ్ణి ఆపాలి, అంతే.

లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ 1817 నాటికే ఈ అక్షరాలను ‘యాంటిక్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. అది గోడల మీద ఇశ్తెహార్లు పోటీ పడుతున్న జమానా. తర్వాత బజార్లో వీటికి ‘ఈజిప్షియన్’ అన్న పేరు స్థిరపడింది. 1798లో నెపోలియన్ మిస్ర్ మీదికి దండెత్తాక యూరప్‌లో మిస్ర్ అంటే ఒక పిచ్చి. దుకాణదారులు ఆ పేరును వాడుకున్నారు. అరబీ రాసే మిస్ర్‌కు ఈ హురూఫ్‌తో ఏ రిష్తా లేదు. 1845లో రాబర్ట్ బెస్లీ ‘క్లారెండన్’ తెచ్చాడు. మూడేళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరగానే దానికీ నకళ్లు పుట్టుకొచ్చాయి.

తెలుగు అక్షరానికి ఇలాంటి పాదాల్లేవు, తలకట్టు ఉంది. మరి దూరానికి వినబడాల్సిన మాటను మన విశాఖ ఎలా చెప్పింది? 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంది. ఆ ఉద్యమంలో 32 మంది జాన్ ఇచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 2021లో కేంద్రం ప్రైవేటీకరణకు నిర్ణయించాక అదే నినాదం మళ్లీ గోడలకూ బ్యానర్లకూ ఎక్కింది.

ఆ నినాదంలో బరువంతా చివరి మాటదే. ‘హక్కు’ అంటే మన ‘హఖ్’. అరబీలో పుట్టి, ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. అరబీలో ఖాఫ్ మీదున్న తష్దీద్‌ను తెలుగు పోగొట్టలేదు, కకు కవత్తు ఇచ్చి నిలబెట్టుకుంది. పక్కనున్న ‘ఉక్కు’ మన నేల మాట. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం ఇరానీ తాజిర్లు వచ్చేవారు. ఇక్కణ్ణుంచి ఉక్కు అటు వెళ్లింది, అక్కణ్ణుంచి హఖ్ ఇటు వచ్చింది. రెండూ విశాఖ గోడ మీద ఖాఫియా కలిపాయి.

మిస్ర్‌ను అడక్కుండా మిస్ర్ పేరు పెట్టుకున్న అక్షరాలు లండన్‌వి. ‘హక్కు’ అలా అతికించిన పేరు కాదు. తరాల తరబడి జనం నోట నలిగి తెలుగైపోయిన మాట. మీ జబాన్ వేరు, మీరు వేరు అని ఎవరైనా మన పిల్లలతో అంటే, ఉక్కునగరం వైపు తీసుకెళ్లి ఆ నినాదం చదివించండి. తెలుగువాడు తన హక్‌తల్ఫీ జరిగిందని గొంతెత్తినప్పుడు నోటికొచ్చే మాట ఏదో వాళ్లే చెబుతారు.