టూలు ఏం చూడలేదో రాసుకున్న నోటుబుక్కు

మొన్నామధ్య ఆఫీసులో ఒక చిన్న ప్రమాదం జరిగింది. కోడ్ రాసే ఏఐ ఏజెంట్‌కి మా స్టాటిక్ ఎనాలిసిస్ టూల్ అప్పజెప్పాం. అది బుద్ధిగా టూల్ నడిపి, లోపాలు సున్నా అని రిపోర్టిచ్చి, మార్పులు పంపేసింది. నాలుగు రోజులకి సరిగ్గా అదే ఫైలు ప్రొడక్షన్లో పేలింది. తీరా చూస్తే లోపాలు సున్నా రావడానికి కారణం, అది చదివిన ఫైళ్లు కూడా సున్నానే! కాన్ఫిగ్ ఫైలు దొరక్కపోతే ఆ టూలు కిమ్మనకుండా బయటికొచ్చేస్తుంది. ఆ ముక్క డాక్యుమెంటేషన్లో ఎక్కడా లేదు. ఆ డాక్యుమెంటేషన్ రాసిన మహానుభావుడెవరంటే... సరే, నేనే :)

ఆదివారం శామీర్‌పేటలో ఉండే మా చిన్నాయన ఇంటికెళ్లి ఈ కథంతా చెప్పుకుని ఏడ్చాను. ఆయన నవ్వి, "గదేం కొత్త గాదు రా. వైటూకేల మాకు గూడ గిట్లనే అయ్యింది" అన్నాడు.

వైటూకే అంటే మా తరానికి ఒక జోకు. కానీ హైదరాబాద్ ఐటీకి అది పెద్ద మలుపు. 1987లో ఇక్కడ పుట్టిన సత్యం లాంటి కంపెనీలకి తొంభైల చివర్లో చేతినిండా పని ఇచ్చింది అదే. (మేడ్చల్ నుంచి గండిమైసమ్మ మీదుగా వెళ్తే బహదూర్‌పల్లిలో కనిపించే టెక్ మహీంద్రా క్యాంపస్ ఒకప్పుడు సత్యంవారిదే. 2009 జనవరి కథ అందరికీ తెలిసిందేగా, వదిలేద్దాం.) పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచారు. 99 తర్వాత వచ్చే 00ని 1900 అనుకుంటే వడ్డీలూ వయసులూ అన్నీ తలకిందులే. లక్షల లైన్లలో తేదీలెక్కడున్నాయో మనిషి కళ్లతో వెతకలేడు కాబట్టి టూల్స్ వచ్చాయి. డేట్, ఇయర్, వైవై లాంటి పేర్లున్న వేరియబుల్స్‌ని పట్టుకుని, వాటి విలువ ఎక్కడెక్కడికి కాపీ అవుతోందో వెంటబడి వెతికేవి. ఇప్పుడు మనం డేటాఫ్లో ఎనాలిసిస్ అని గొప్పగా చెప్పుకునేది అదే.

చిన్నాయన వాళ్ల టూలుకి కాపీబుక్ దొరక్కపోతే ఆ ప్రోగ్రామ్ వదిలేసి తర్వాతదానికి పోయేదట. రిపోర్టులో మాత్రం క్లీన్! అందుకని టీమంతా కలిసి ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. అందులో టూలు వాడే విధానం లేదు, దానికి మాన్యువల్ ఉంది. టూలు చూడనివి మాత్రమే రాసేవాళ్లు. రీడిఫైన్స్ వెనకాల దాక్కున్న తేదీ చూడదు, కస్టమర్ నంబరు మధ్యలో ఇరికించిన సంవత్సరం చూడదు... ఇలా.

ఇంటికొచ్చాక పాత మాన్యువల్స్ తిరగేశాను. 1971 నవంబర్ 3 తేదీతో వచ్చిన మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్లో కమాండ్ల పేజీల్లో చివర్న బగ్స్ అని ఒక శీర్షిక ఉండేది. ఇదిగో మా ప్రోగ్రాము, ఇవిగో దాని తప్పులు అని రాసినవాళ్లే ఒప్పుకోవడం! దాని కింద ఓనర్ అని ఇంకో శీర్షిక. అంటే అర్థం కాకపోతే ఎవర్ని అడగాలో కూడా చెప్పేశారు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం చేసిన లింట్ గురించి రాసిన వ్యాసమూ ఇదే ధోరణి. లింట్ అనవసరంగా అరుస్తుందని ఆయనకి తెలుసు. అందుకే దాని నోరు మూయించడానికి కామెంట్లో నాట్‌రీచ్‌డ్ అని రాసే ఏర్పాటు పెట్టాడు, "ఇక్కడిదాకా ఎవరూ రారు, నన్ను నమ్ము" అని. మనిషి టూలుతో మాట్లాడటం అప్పట్నించీ ఉందన్నమాట.

తర్వాత టూల్స్ తమలో తాము మాట్లాడుకోవడం నేర్చాయి. ఎడిటర్ల కోసం 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్, ఫలితాల ఫార్మాట్ కోసం 2020లో సారిఫ్ ప్రమాణం, 2024 నవంబర్లో ఏఐ మోడళ్లకి టూల్స్ తగిలించే ఎంసీపీ వచ్చాయి. ఇవన్నీ ఫలితం ఏ ఆకారంలో ఉండాలో చెప్తాయి. ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఎవరు చెప్పాలి?

ఉదాహరణకి పైలింట్ ఎగ్జిట్ కోడ్ 4 ఇచ్చిందంటే టూలు చెడిపోలేదు, వార్నింగులు ఉన్నాయని అర్థం. గ్రెప్ 1 ఇస్తే వెతికింది దొరకలేదని, 2 ఇస్తేనే తప్పు జరిగిందని. కొత్తగా చేరిన కుర్రాడికి ఇది తెలియకపోతే పక్క సీటువాణ్ణి అడుగుతాడు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు. రాసిందే చదువుతుంది, రాయనిది ఊహించుకుంటుంది. అలాగని రెండొందల పేజీలు దాని ముందు కుమ్మరిస్తే కాంటెక్స్ట్ అంతా దానికే ఖర్చు.

"ఆ నోటుబుక్కు ఇప్పుడెక్కడుంది చిన్నాయనా?" అనడిగాను బయల్దేరేముందు.

"2000 జనవరిల ప్రాజెక్టు కాయితాలన్నీ డబ్బాల కట్టి పంపించేసిన్రు. అండ్లనే పోయింది."

సోమవారం పొద్దున్నే మా టూల్ డాక్యుమెంట్ మొదటి పేజీలో "ఇది చూడనివి" అని ఒక భాగం మొదలుపెట్టాను. కాన్ఫిగ్ దొరక్కపోతే ఫైళ్లు చదవదు, అప్పుడొచ్చే సున్నాని నమ్మొద్దు, అన్నది మొదటిది. ఇప్పటికి పదకొండయ్యాయి.