శిలాసీమలో దారుశోభ

మంచాల యను పూర్వనామము గల మంత్రాలయము తుంగభద్రకు దక్షిణతీరమున, అడుగడుగున గండశిలలు తలలెత్తిన నేలపై వెలసినది. ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ ఈ గ్రామమును శ్రీ రాఘవేంద్రస్వామికి సమర్పించెననియు, 1671లో స్వామి సజీవముగా బృందావనప్రవేశము చేసినప్పుడు సమీపమునందలి మాధవరపు శిలయే ఆ బృందావనమునకు వినియోగింపబడెననియు సంప్రదాయము చెప్పుచున్నది. గురువుగారి నిలయమునకు శిల, ఆ ఖానుడు ఆదోనిలో కట్టించిన జామియా మసీదునకు శిల, ఊరి సేద్యగాని దొడ్డిగోడకును శిలయే. ఈ సీమలో ఎన్నడును కొరవడినది కలప. తూర్పున నల్లమలలో టేకు గలదు గాని, పడమటి మెట్టపల్లెలకు అది దూరపు సొమ్ము; చేతికి చిక్కిన మ్రాను దూలమునకును ద్వారబంధమునకును చాలినచో గృహస్థు తృప్తినొందెడివాడు. అట్టి చోట పాదముల క్రింద కొయ్యపలకలు పరచుకొను ఊహ పూర్వులకు కలుగలేదన్నచో ఆశ్చర్యము లేదు. నేడు కాంక్రీటు నేలపై కొయ్యవన్నెయు, కొయ్యచారలును దిద్దు విద్య లోకమున ప్రచారము నందినది గనుక, ఈ సీమలోని నేలల పూర్వకథను ఒకమారు తలచుకొనుట ఉచితము.

పాతకాలపు మట్టిమిద్దెలో పైకప్పుపై చవుడు పరచి వాననీరు దిగకుండ చేసినట్లే, క్రింద ఎఱ్ఱమట్టి పోసి, తడిపి, దిమ్మిసతో దంచి, పేడతో అలికి నేలను సిద్ధపరచెడివారు. కలవారి యిండ్లలోను, దేవళములలోను గచ్చు వచ్చినది. సున్నమును ఇసుకను గానుగలో ఎద్దులచే నూరించి, బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలిపి, పూసిన పిమ్మట నునుపైన రాతితో దినముల తరబడి రుద్దగా ఆ గచ్చునకు వచ్చెడి మెరుగు చూచినవారికి గాని తెలియదు. ఆ ఓర్పు నేటి పనిలో అరుదు.

అయినను ఈ సీమకు అసలైన నేల నాపరాయి. కడప, కర్నూలు ప్రాంతముల శిలాపొరలను గూర్చి విలియం కింగ్ రచించిన బృహద్గ్రంథము 1872లో వెలువడినది. అప్పటినుండి కడప జిల్లాలోని నార్జి యను పల్లె పేరు ఒక సున్నపురాతికి స్థిరపడి భూగర్భశాస్త్ర గ్రంథములకు ఎక్కినది. అతిప్రాచీనమైన సముద్రగర్భమున పొరపై పొరగా పేరుకొన్న ఆ రాయి, గనిలో ఉలిదెబ్బకును గూటపుదెబ్బకును పొరలు పొరలుగానే విడివడును. నల్లని కడపబండ, పసుపు, ఆకుపచ్చ చాయల బేతంచెర్లబండ, తాడిపత్రి పలక యన్నియు ఈ స్వభావము వలననే యింటింటికి చేరినవి. మండువేసవిలో ఆ బండపై చాప లేకయే పరుండి నిద్రించిన రాయలసీమవాసికి దానికి మించిన నేల లేదు. గురువారమునాడు కడిగిన నల్లబండపై తీర్చిన ముగ్గు మెరసినట్లు మరి దేనిపైనను మెరయదు.

తరువాత సిమెంటు వచ్చినది. బేతంచెర్ల చెంత పాణ్యం సిమెంటు కర్మాగారము, కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల పరిసరముల కర్మాగారములు ఈ సున్నపురాతినే పొడిచేసి, కాల్చి, బస్తాలకెత్తినవి. బండగా పరచుకొన్న రాయియే బూడిదవన్నె పొడియై మరల యింటికి వచ్చినదన్నమాట. ఆ సిమెంటునకు తన రూపమనునది లేదు. అందుచేత బేల్దారి పనివారు, నేల పచ్చిగా నుండగనే నూలుదారము బిగించి అదిమి గళ్లు తీర్చి, రెడ్ ఆక్సైడ్ చల్లి తాపీతో రుద్ది, దానికి బండపరుపు పోలికను కల్పించిరి. కనుక సిమెంటు నేల మొదటనే ఒక అనుకరణముగా పుట్టినది. అది నాడు బండను పోలినది, నేడు కొయ్యను పోలుచున్నది.

రాతిలో కొయ్యను చూపుట మన శిల్పులకు క్రొత్తది కాదు. క్రీస్తుకు పూర్వమే గుంటుపల్లి కొండలో తొలిచిన వర్తులాకార చైత్యమున, పైకప్పు లోపల కొయ్యవాసములను పోలిన రాతివాసములు నేటికిని నిలిచియున్నవి. ఆ వాసములు దేనిని మోయవు. కొయ్యకట్టడమునకు అలవాటుపడిన కన్నులకు తృప్తి గూర్చుటకే శిల్పి వానిని నిలిపెను. మంత్రాలయమునకు ఎగువ, ఇదే తుంగభద్ర యొడ్డున హంపి విఠలాలయపు చూరుల అడుగున కూడ అట్టి కొయ్యపని రాతియందు కానవచ్చును. పారిస్ నగరమున 1867లో తెరచిన బ్యూట్ షోమోన్ ఉద్యానమున సిమెంటుతో చెట్టుకొమ్మల వంటి కంచెలు కట్టిరి. మన పట్టణముల పార్కులలో చెట్టుమొద్దు వలె తీర్చిన సిమెంటు బల్లలు ఆ విద్యకు బంధువులే. ఇంతటి వంశము గల పనిని వట్టి బూటకమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

2009 అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచెత్తినప్పుడు మట్టిగోడలు కూలినవి, బురద గర్భగుడి వరకు చేరినది. బండనేలను కడిగినచో తిరిగి నేలయే. నిజమైన కొయ్యనేలయైనచో ఉబ్బి, వంగి, పిదప చెదలపాలయ్యెడిది. ఏటి యొడ్డున నివసించువారికి కొయ్యకంటె కొయ్యరూపము దాల్చిన సిమెంటే మేలు.

పని విధానము చూడగా సులభము, చేయగా కష్టము. కాంక్రీటు పోసి, నీరు కట్టి, ఇరువదియెనిమిది దినములు గడచిన గాని పైపని తలపెట్టరాదు. పిదప గరుకుచేసి తడిపిన నేలపై పలుచని సిమెంటు పూత లేతగోధుమ వన్నెతో వేసి, అది బిగియకముందే దువ్వెన వంటి పనిముట్టును లాగి చారలు తీర్తురు. పలకల సందులు గీయునప్పుడు ఒక వరుస సందు పక్క వరుస సందునకు ఎదురు రాకుండ చూతురు. ఆరిన తరువాత ముదురు వన్నె పూసి వెంటనే తుడిచినచో, గాడులలో మాత్రము నిలిచి చార తేలును. మన వేసవియెండకు పలుచని పూత నీరు కోల్పోయి బీటలు వారును గనుక తడిపిన గోనెపట్టాలు కప్పుట అవశ్యము. చివరి మెరుగుపూత మిక్కిలి నున్నగా నుండరాదు; ఏటిలో మునిగి తడిపాదములతో వచ్చువారు జారిపడుదురు.

ఇంతయు క్రొత్తగా పోసిన కాంక్రీటునకే తగును. తాతలు పరచిన బేతంచెర్లబండలు చెక్కుచెదరక యున్న యింట, వానిని గడ్డపారతో పెకలించి కొయ్యవన్నె కొఱకు సిమెంటు పోయించుట నేను సమ్మతింపజాలను. బండల నడుమ సందులు పగిలినచో సున్నముతో నింపి, పైన మరల పాలిష్ పట్టించినచో చాలును. ఆ పని తెలిసిన చేతులు బేతంచెర్లలో నేటికిని ఉన్నవి.