కావెండిష్ తొలి ఆచార్యుని గృహస్థాశ్రమము

కేంబ్రిడ్జి నగరమున ఫ్రీ స్కూల్ లేన్ అను ఇరుకు వీథిలో 1874 జూన్ 16వ తేదీన విశ్వవిద్యాలయమునకు సమర్పింపబడిన కావెండిష్ ప్రయోగశాలకు నూటయేబదియేండ్లు నిండినవి. ఎలక్ట్రానును, న్యూట్రానును లోకమునకు ఎరుకపరచిన యీ సంస్థను గూర్చి ప్రత్యేక సంచికకు వ్రాయబూనినపుడు జె. జె. థామ్సన్, రూథర్‌ఫర్డ్, చాడ్విక్ మున్నగువారి విజయములను వరుసగా ఎంచుకొనిపోవుట సులభము. ఆ పనికి నాకంటె సమర్థులు పెక్కురు గలరు. నేను మాత్రము, ఆ భవనమునకు ఇంకను రాయి పడకపూర్వము, ఆ ప్రయోగశాల వేరువేరు ఇండ్లలో, ముఖ్యముగా రెండు అటకలమీద, ఎట్లు రూపు కట్టెనో చెప్పదలచితిని.

ప్రయోగాత్మక భౌతికశాస్త్రమునకు ఆచార్యపీఠమొకటి నెలకొల్పవలెనని 1871 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయము నిశ్చయించినది. భవనమునకు ధనమిచ్చిన ఛాన్సలరు ఏడవ డెవన్‌షైర్ డ్యూకు విలియం కావెండిష్. గొప్పయింట పుట్టియు గణితపరీక్షలో రెండవ రాంగ్లరుగా, అనగా రెండవ స్థానమున, నెగ్గిన ప్రభువు. పీఠమును మొదట గ్లాస్గోలోని విలియం థామ్సన్‌కును, పిమ్మట జర్మనీలోని హెల్మ్‌హోల్ట్‌జ్‌కును ఇవ్వజూపగా వారిరువురును ఒల్లమనిరి. ఆ నిరాకరణములకు కేంబ్రిడ్జి నేటికిని వారికి ఋణపడియున్నది. ఏలయన పిదప పిలుపందినవాడు, లండను కొలువు విడిచి స్కాట్లండులో తన గ్లెన్‌లేర్ భూములు చూచుకొనుచు గ్రంథరచన చేసికొనుచున్న జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్.

ఆయన 1831 జూన్ 13న ఎడింబరోలో జన్మించెను. ఎనిమిదవ యేట తల్లి ఉదరమున పుట్టిన పుట్టకురుపుతో గతించినది. తండ్రి జాన్, కొడుకు అడుగు ప్రతి ప్రశ్నకును ఓపికతో బదులు చెప్పిన సాధుపురుషుడు. బడిలో తోటిపిల్లలు ఈ పల్లెటూరి బాలుని యాసనును, ఇంటికుట్టు దుస్తులను చూచి వెఱ్ఱివాడని పేరు పెట్టిరి. ఆ వెఱ్ఱివాడే పదునాలుగవ యేట, గుండుసూదులును దారమును పట్టుకొని అండాకార రేఖలను గీయు నూతన పద్ధతిని కనిపెట్టగా, దానిని 1846లో ఎడింబరో రాయల్ సొసైటీ ముందర వినిపించినవాడు ఆచార్య జేమ్స్ ఫోర్బ్స్.

మాక్స్‌వెల్ గురువులలో నేను అగ్రతాంబూలము ఫోర్బ్సుకే ఇత్తును. 1847లో ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరిన యీ కుఱ్ఱవానికి ఆయన తన ప్రయోగశాల తలుపు తెరచి, ఏ పరికరము ముట్టవలదనిగాని, ఈ వరుసనే పని చేయుమనిగాని ఆంక్ష పెట్టక, తోచినది తోచినట్లు చేసి చూచుకొనుమని వదలిపెట్టెను. అట్లని లాలించి చెడగొట్టినవాడును కాడు, శిష్యుని వ్రాతలోని అస్పష్టతను దాక్షిణ్యము లేక ఎత్తిచూపినవాడును ఆయనయే. అదే విద్యాలయమున తర్కవేదాంతములు బోధించిన సర్ విలియం హామిల్టన్, గణితాభ్యాసమువలన బుద్ధి వికసింపదని అచ్చువేయించి మఱి వాదించిన పండితుడు. అట్టి యిద్దఱి పాదములకడను ఒకే శిష్యుడు సమానభక్తితో కూర్చుండి, ఒకరినుండి కొలుచుటను, ఇంకొకరినుండి ఆ కొలత కర్థమేమని ప్రశ్నించుటను నేర్చుకొనుట మన గురుకుల కథలలోను అరుదుగా కనవచ్చు విశేషము. వృద్ధుడైన విలియం నికల్ తాను స్వయముగా చేసిన ధ్రువణ పట్టకములను ఈ బాలునకు కానుక చేసినది ఈ కాలముననే.

సెలవులలో గ్లెన్‌లేరునకు వచ్చినపుడు బట్టలుతుకు కొట్టుమీది అటకయే ఆయనకు ప్రయోగశాల. రెండు పీపాలపై అడ్డముగా పరచిన పాత తలుపు బల్ల. రెండు కుర్చీలు, వానిలో నమ్మి కూర్చుండదగినది ఒక్కటే. పైనుండి వెలుతురు దిగు చిన్న కిటికీ. చుట్టును గిన్నెలు, కూజాలు, పళ్ళెములు, మురబ్బా జాడీలు. వేడిచేసి చల్లార్చిన గాజుముక్కలను నికల్ పట్టకములమధ్య నిలిపి, వానిలో దాగిన ఒత్తిడి వన్నెవన్నెల రేఖలుగా వెలయుట చూచి, ఆ రంగులను నీటిరంగులతో కాగితముపై దించుకొనెడివాడు.

1850లో కేంబ్రిడ్జి చేరిన పిదప విలియం హాప్‌కిన్స్ శిక్షణలో పడెను. రాంగ్లరులను తయారుచేయు కర్మాగారమువంటివాడని పేరుబడిన ఆ గురువు, భౌతికవిషయములలో ఈ యువకుడు తప్పుగా ఆలోచింప నేరడని చెప్పెనట. అయినను 1854 పరీక్షలో మాక్స్‌వెల్‌కు దక్కినది రెండవ స్థానమే, మొదటివాడు రౌత్. స్మిత్ బహుమానమును మాత్రము ఇద్దఱికిని సమముగా పంచిరి. పరీక్ష ముగియగానే విలియం థామ్సన్‌కు జాబు వ్రాసి, విద్యుచ్ఛాస్త్రము చదువవలెనన్న ఎక్కడ మొదలిడవలెనని అడిగి, ఫారడే గ్రంథముతో పరిచయమైనదాక గణితసూత్రములను దూరముగా నుంచెను. ఆ చదువు పండిన పంటయే 1873లో వెలువడిన విద్యుదయస్కాంత మహాగ్రంథము.

తండ్రి మరణించిన 1856లోనే అబెర్డీనులోని మారిషల్ కళాశాలలో ఆచార్యపదవి లభించినది. ఆ కళాశాల ప్రిన్సిపాలు కుమార్తె కాథరిన్ మేరీ డ్యూవర్‌ను 1858 జూన్ 2న పరిణయమాడెను. ఆమె వరునికంటె ఏడేండ్లు పెద్ద. రెండేండ్లకు అబెర్డీను కళాశాలలు రెండును విలీనమై, ప్రిన్సిపాలుగారి అల్లుడన్న గౌరవము అక్కరకు రాక, కొలువు ఊడిపోయినది. ఆ వేసవియందే గ్లెన్‌లేరులో మశూచి సోకి ప్రాణాపాయస్థితిలో పడగా, అంటువ్యాధియని వెనుదీయక రేయింబవళ్ళు సేవచేసి బ్రతికించినది కాథరిన్. తన ప్రాణము ఆమె పెట్టిన భిక్షయని ఆయన తుదివఱకు నమ్మెను. తరువాతి కాలమున ఆయన చూపిన భార్యాభక్తిని వర్ణించువారు ఈ పూర్వకథను మఱచుట న్యాయము కాదు.

లండను కింగ్స్ కళాశాలలో ఆచార్యుడుగానున్న 1860 మొదలు 1865 వఱకు వారు కెన్సింగ్టనులో కాపురముండిరి. అచటి అటకమీద శవపేటికను బోలిన ఎనిమిదడుగుల పెట్టె యొకటి యుండెడిది. రంగుల కాంతులను పాళ్ళు తెలిసి కలిపి కన్ను ఎట్లు గ్రహించునో కొలుచు సాధనమది. శవపేటికలోనికి గంటలకొలది తొంగిచూచు ఆ దంపతులకు మతి చలించినదని ఇరుగుపొరుగువారు తలచిరట. రంగుల ప్రయోగములను గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసమున పరిశీలకులు ఇరువురు: ఒకరు జె, మఱియొకరు కె. ఆ 'కె' కాథరిన్; ఒక్క యక్షరముగా మాత్రమే ఆమె శాస్త్రచరిత్రలో ప్రవేశించినది.

ఇంతకన్న కష్టతరమైనది వాయువుల స్నిగ్ధతను కొలుచు పని. వాయువు పలుచనైనను చిక్కనైనను, ఉష్ణోగ్రత మారనంతవఱకు, దానిలో కదలు వస్తువునకు కలుగు ఒరపిడి మారదని మాక్స్‌వెల్ సిద్ధాంతము చెప్పుచుండెను. ఇంగితజ్ఞానమునకు పొసగని యీ ఫలితమును ఆయనయే తొలుత నమ్మలేకపోయెను. దానిని తేల్చుటకై తీగకు వ్రేలాడదీసిన గాజుపలకలు మూసిన పాత్రలో అటునిటు మలగుచు ఎంతసేపటికి నెమ్మదించునో చూడవలెను. గదిలోని వేడిమి గంటలతరబడి నిలుకడగా నుండవలెను. మండువేసవిలో అటకమీద పెద్దమంట వేసి, దానిపై కెటిలులు మరగబెట్టి, గది నిండ ఆవిరి వదలుచు, ఆ యుక్కలో ఎడతెగక బొగ్గు వేసినది కాథరిన్. పిదప మంచుగడ్డలు తెచ్చి అదే గదిని చల్లబఱచి తిరిగి కొలిచిరి. సిద్ధాంతము నెగ్గెను, 1866లో రాయల్ సొసైటీ బేకర్ ఉపన్యాసమున ఆ ఫలితములు వెలువడినవి. చలనసిద్ధాంతమున అసలు పనియంతయు తన అర్ధాంగియే చేసినదని ఆయన చిననాటి మిత్రుడు టేట్‌కు కార్డుముక్కపై వ్రాసినమాట పరిహాసముగానే కనబడును. ఆ బొగ్గుపని తలచుకొన్నవారికి అంత పరిహాసముగా తోచదు.

కేంబ్రిడ్జికి వచ్చిన మాక్స్‌వెల్‌కు 1871లో పీఠమే గాని గది లేదు. భవనము లేచువఱకు ఒక టరములో రసాయనశాలయందు, వేఱొక టరములో వృక్షశాస్త్రమువారి గదియందు పాఠములు చెప్పుచు, తాను ఇతరుల గూళ్ళలో గ్రుడ్లు పెట్టు కోకిలనైతినని నవ్వుకొనెడివాడు. ప్రారంభోపన్యాసము అక్టోబరు 25న ఏ యార్భాటమును లేక ముగిసిపోగా, పెద్దలకు సంగతి తెలియక, తరువాతి సాధారణపాఠమునే ప్రారంభోపన్యాసమని భ్రమించి మహాగణితజ్ఞులు ముందు వరుసలో గంభీరముగా కూర్చుండిరట. మాక్స్‌వెల్ కన్నులు మెఱయుచుండగా వారికి ఫారెన్‌హీటు, సెంటిగ్రేడు కొలతల భేదమును సావధానముగా బోధించెనని చెప్పుదురు.

గ్లాస్గో, ఆక్సుఫర్డు ప్రయోగశాలలను చూచివచ్చి భవనము నమూనాను తానే దిద్దెను. నడకల యదురు తగులకుండ రాతిబల్లలకు నేలతో సంబంధము లేని వేరు పునాదులు కట్టించెను. సాధనములకు చాలని ధనమును తన చేతినుండి పెట్టెను. విద్యార్థులను తోచిన పని చేయనిచ్చుట ఫోర్బ్స్ వద్ద నేర్చినదే. పెంపుడుకుక్క టోబీ కూడ ప్రయోగశాలకు వచ్చి, విద్యుత్తు నేలకు జారనీయని పీటపై కూర్చుండి, ఒడలిని పిల్లితోలుతో రుద్దించుకొనుచుండెడిది.

సంస్థ ఇట్లు లేచుచుండగా స్క్రూప్ టెరేసులోని యింట కాథరిన్ దీర్ఘరోగపీడితయై మంచము పట్టినది. ఉపచారికలున్నను ఆమె కావలసినప్పుడెల్ల చేయి అందించువాడు భర్తయే. ఒకసారి మూడు వారములు ఆయన పడకపై నిద్రించి యెఱుగడు. రాత్రులు రోగిణి ప్రక్క కుర్చీలో గడపి, పగలు పాఠములుగాని ప్రయోగశాల పనిగాని ఆగనీయక నడపెను. ఈ సంగతి వ్రాసిపెట్టినవాడు ఆయన సహాయకుడు విలియం గార్నెట్. పూర్వశతాబ్దపు శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్ అముద్రిత విద్యుత్పత్రములను పరిష్కరించు సుదీర్ఘకార్యమును సాగించినది ఈ యేండ్లలోనే. అంతటి మేధావి ఇతరుని పాతకాగితములకై ఏండ్లు వెచ్చించెనేమని నొచ్చుకొనువారు గలరు. రోగి పక్కన కూర్చుండి విడిచిపట్టి చేయదగిన పని అట్టిదే యని నా యూహ.

కాథరిన్‌ను గూర్చి మంచిమాట చెప్పిన కేంబ్రిడ్జివారు తక్కువ. విందులో భర్త ఉల్లాసముగా మాటలాడుచుండగా లేవదీసి ఇంటికి తీసికొనిపోయెనను కథ నోటినుండి నోటికి ప్రాకినది. ఆమె పక్షమున పలుకుటకు ఆమె జాబులు అంతగా మిగులలేదు. ఇంతకన్న వింత మఱొకటి గలదు: ఇంట భార్య కంటితో, చేతితో శాస్త్రము సాధించిన యీ మహనీయుడు ప్రయోగశాలలో స్త్రీలను చేర్చుకొనుటకు చాలకాలము సమ్మతింపలేదు. తుదకు, తాను స్కాట్లండు వెళ్ళియుండు వేసవిసెలవులలో మాత్రము రావచ్చునని అనుమతింపగా, గార్నెట్ ఆ కొలది వారములలో వారికి విద్యుత్కొలతల పాఠమంతయు చెప్పి ముగించెను. పురుషులతో సమానముగా ద్వారము తెరచినది తరువాతి ఆచార్యుడు లార్డ్ రేలీ, 1882లో. మాక్స్‌వెల్‌ను ఎంత గౌరవించినను ఈ విషయమున నేను ఆయనను సమర్థింపలేను.

1877 నాటికే ఆయనకు మ్రింగుడు కష్టమై, సోడా త్రాగుచు, రెండేండ్లు ఎవరికిని చెప్పక నెట్టుకొనివచ్చెను. 1879 అక్టోబరులో గ్లెన్‌లేరునకు వచ్చిన వైద్యుడు, తల్లిని కబళించిన వ్యాధియే యిదియని, నెల మించి బ్రతుకరని స్పష్టముగా చెప్పెను. రైలునుండి బండివఱకు నడువలేని స్థితిలో కేంబ్రిడ్జి చేరిన ఆయనకు తన నొప్పికంటె, తన పిదప భార్యను చూచుకొనువారెవరను చింతయే మిక్కుటముగా నుండెను. నవంబరు 5న, ఇంచుమించు తల్లి పోయిన వయసుననే, నలువదియెనిమిదవ యేట, ఆయనయు గతించెను. కాథరిన్ మఱి ఏడేండ్లు జీవించి 1886 డిసెంబరులో మరణించినది. ఆమె విడిచిపోయిన సొత్తునుండి, కావెండిష్‌లో ప్రయోగాత్మక భౌతికశాస్త్ర పరిశోధన చేయు విద్యార్థికై వేతనమొకటి ఏర్పడి, క్లార్క్ మాక్స్‌వెల్ పేరిట వ్యవహరింపబడెను.