నిద్ర: శాస్త్ర పరిశోధన చరిత్ర

మనిషి ఆయుష్షులో దాదాపు మూడో వంతు నిద్రలోనే గడుస్తుంది. ఇంద్రియాలు బయటి లోకం నుంచి చాలావరకు తప్పుకొని, లేపితే మళ్ళీ మామూలు స్థితికి వచ్చే విశ్రాంతి దశను నిద్ర అంటారు. ఈ లేపితే లేచే గుణమే దాన్ని కోమా నుంచి, మత్తుమందు ప్రభావం నుంచి వేరు చేస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల దాకా నిద్రను మెలకువ లేకపోవడంగానే ఎంచారు. మెదడు రాత్రంతా పనిలోనే ఉంటుందని అంచెలంచెలుగా తెలిసిన కథే నిద్రాశాస్త్ర చరిత్ర. నిద్ర ఎలా వస్తుందన్నది చాలావరకు తేలింది. ఎందుకన్నదానికి అందరూ ఒప్పుకొనే జవాబు ఇంకా లేదు.

ప్రాచీన భావనలు

మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం అనే నాలుగు అవస్థలను చెప్పి, కలలు వచ్చే నిద్రనూ కలలు లేని నిద్రనూ విడదీసింది. చరక సంహిత ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యాలను దేహాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలుగా పేర్కొంది. మనసు అలసి, ఇంద్రియాలు తమ విషయాల నుంచి మరలినప్పుడు నిద్ర పడుతుందని వివరించింది. తిన్నది అరిగేటప్పుడు పుట్టే ఆవిర్లు తలకెక్కి, చల్లబడి కిందికి దిగడమే నిద్రకు మూలమని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ భావించాడు.

తెలుగు స్త్రీలు పాడుకునే 'ఊర్మిళాదేవి నిద్ర'లో లక్ష్మణుడు అడవిలో మేలుకున్న పద్నాలుగేళ్ళూ అయోధ్యలో ఊర్మిళ నిద్రపోతుంది. ఒకరు మానుకున్న నిద్రను మరొకరైనా పోవలసిందేనన్న ఊహ ఆ కథలో ఉంది. నిద్ర బాకీ పడుతుందని తర్వాతి కాలంలో ప్రయోగశాలలు కూడా తేల్చాయి. ఆ బాకీని ఒకరి బదులు మరొకరు తీర్చే వీలు మాత్రం లేదు.

నిద్ర మానిపించిన ప్రయోగాలు

1894లో రష్యన్ శాస్త్రవేత్త మరియా మనసేయినా కుక్కపిల్లలను నిద్రపోనివ్వకుండా ఉంచితే అవి నాలుగైదు రోజుల్లో చనిపోయాయి. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళ లోపే జపాన్‌లో కునియోమి ఇషిమోరి, ఫ్రాన్స్‌లో ఆన్రీ పియెరాన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే విషయాన్ని గమనించారు. నిద్రపోనివ్వకుండా ఉంచిన కుక్కల మెదడు నుంచి తీసిన ద్రవాన్ని వేరే కుక్కలకు ఎక్కిస్తే అవి నిద్రలోకి జారుకున్నాయి. మెలకువగా ఉన్నంతసేపూ ఒంట్లో ఏదో రసాయనం పేరుకుంటుందన్న ఆలోచన ఇక్కడ బలపడింది.

1980లలో షికాగో విశ్వవిద్యాలయంలో అలన్ రెక్ట్‌షాఫెన్ బృందం నిద్ర లేకుండా ఉంచిన ఎలుకలు 11 నుంచి 32 రోజుల లోపు చనిపోయాయి. కోసి చూసినా చావుకు స్పష్టమైన కారణం కనబడలేదు. 1964లో కాలిఫోర్నియాలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ విద్యార్థి 264 గంటలు మేలుకొని, ఆ తర్వాత సుమారు 14 గంటలు నిద్రపోయి లేచాడు. నిద్ర బాకీ గంటకు గంట లెక్కన తీరదని, మరింత గాఢమైన నిద్రతో కొంతవరకు తీరుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

మెదడు తరంగాలు, రెమ్ నిద్ర

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఐరోపాలో నిద్రమత్తు కలిగించే మెదడువాపు వ్యాధి ప్రబలింది. వియన్నా వైద్యుడు కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనామో మృతుల మెదళ్ళను పరీక్షించాడు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో వెనుక భాగం దెబ్బతిన్నవారు ఎడతెగని నిద్రలోనూ, ముందు భాగం దెబ్బతిన్నవారు నిద్రలేమితోనూ బాధపడ్డారని గుర్తించాడు. నిద్రను పుట్టించే చోటు, మెలకువను నిలిపే చోటు మెదడులో వేర్వేరుగా ఉన్నాయని దీనితో తెలిసింది.

జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. ఈఈజీ అనే ఈ పద్ధతి వల్ల నిద్రపోతున్న మనిషిని లేపకుండానే అతని నిద్రను పరిశీలించే వీలు కలిగింది. 1937లో ఆల్ఫ్రెడ్ లూమిస్ బృందం ఈ తరంగాలను బట్టి నిద్రను దశలుగా విభజించింది.

1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను ప్రకటించారు. ఈ పరిశోధనలో అసెరిన్‌స్కీ తన చిన్న కొడుకు నిద్రను కూడా నమోదు చేశాడు. కనుగుడ్లు కదిలే ఈ దశనే రెమ్ నిద్ర అంటారు. ఈ దశలో లేపినవారు ఎక్కువగా కలలు చెబుతారు. నిద్ర సుమారు 90 నిమిషాల చక్రాలుగా సాగుతుందని 1957లో విలియం డిమెంట్, క్లైట్‌మన్ చూపారు. ఫ్రాన్స్‌లో మిషెల్ జువే పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, ఈ దశలో మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉండగా కండరాలు పూర్తిగా సడలిపోతాయని గమనించి, 1959లో దీనికి 'విరోధాభాస నిద్ర' అని పేరుపెట్టాడు.

గడియారం, బాకీ

1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త దె మెరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకట్లో ఉంచినా దాని ఆకులు పగటివేళ విచ్చుకుని రాత్రి ముడుచుకోవడం చూశాడు. వెలుతురుతో పని లేకుండా నడిచే గడియారం ప్రాణుల ఒంట్లోనే ఉందనడానికి ఇదొక సూచన. 1938లో క్లైట్‌మన్, తన కన్నా వయసులో చిన్నవాడైన సహచరుడు బ్రూస్ రిచర్డ్‌సన్ అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులుండి, రోజుకు 28 గంటల లెక్కన బతకడానికి ప్రయత్నించారు. రిచర్డ్‌సన్ శరీరం కొంత అలవాటు పడింది, క్లైట్‌మన్ శరీరం ససేమిరా అంది. ఒంటి గడియారాన్ని నడిపే జన్యువుల పనితీరును విడమరిచినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ బోర్‌బెలీ 1982లో రెండు ప్రక్రియల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఒకటి, రాత్రీ పగలూ తెలిపే గడియారం. రెండు, మేలుకున్న కొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి. 'నిద్ర సుఖమెరుగదు' అన్న సామెత చెప్పేది ఈ రెండోదాని గురించే. మెలకువలో మెదడులో పేరుకునే అడినోసిన్ అనే రసాయనం ఈ ఒత్తిడికి ముఖ్య కారణాల్లో ఒకటి. కాఫీ, టీలలోని కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది కానీ బాకీని తగ్గించదు.

ఎందుకు?

నిద్ర ఉన్నది జ్ఞాపకాలు నిలవడానికేనన్నది ఒక వాదం. పగలు ఎలుక తిరిగిన దారులను గుర్తించే నాడీకణాలు నిద్రలో మళ్ళీ కలిసి స్పందిస్తాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ చూపారు. పగలు బలపడిన నాడీ సంధులను నిద్ర తగ్గించి సరిచేస్తుందని జూలియో టొనోని, కియారా చిరెల్లి ప్రతిపాదించారు. నిద్రలో మెదడులోని వ్యర్థాలు కొట్టుకుపోతాయని 2013లో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఎలుకల మీద ప్రయోగాలతో ప్రకటించగా, 2024లో మరో బృందం దానికి విరుద్ధమైన ఫలితాలను వెలువరించింది. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతూ మిగతా సగంతో ఈదుతూనే ఉంటాయి. నిద్రను పూర్తిగా వదిలించుకోవడం వాటికీ సాధ్యపడలేదు.

ఈ వాదాల్లో చాలావరకు మెదడు చుట్టూ తిరిగేవే. అయితే కాసియోపియా అనే జెల్లీచేప రాత్రిపూట మందగిస్తుందని, నిద్ర చెడగొడితే మర్నాడు ఆ లోటు తీర్చుకుంటుందని 2017లో వెల్లడైంది. ఆ జీవికి నాడీకణాలున్నాయి, మెదడు లేదు.