తీరిక అన్న మాట చాటున

నిరుడు ఉగాది నాటి నుంచి ఒక నోటుబుక్కులో ఎడమ పేజీన చదివిన పుస్తకాలనూ, కుడి పేజీన ఊలుతో అల్లిన వస్తువులనూ రాసుకుంటూ వచ్చాను. చదివినవాటి పట్టిక రాసుకునే అలవాటు చాలామందికి ఉన్నదే. అల్లికకు కూడా పట్టిక ఉండాలనీ, దానికి పట్టిన గంటలు కూడా అందులో ఉండాలనీ నేను పెట్టుకున్న నియమం. ఏడాది తిరిగేసరికి ఎడమవైపు 17 పుస్తకాలు, కుడివైపు రెండు స్వెటర్లు, ఒక శాలువా, మూడు మఫ్లర్లు, పసిపిల్లలకు కొన్ని టోపీలు తేలాయి. అల్లికకు పట్టిన సమయం 340 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కిస్తే నలభై రెండు పనిదినాల పైమాటే. ఈ పనిని చూసినవారందరూ అన్నది ఒక్కటే మాట: "మీకు బాగా తీరిక దొరికినట్టుంది." ఆ తీరిక అన్న మాటకు ఒక చరిత్ర ఉన్నదని ఈ ఏడాది చదువు నాకు తెలియజెప్పింది. ఈ వ్యాసం ఆ చరిత్రను గురించే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురంలో ఊలుతో పనేమిటని మీరు అడగవచ్చు. పుష్యమాసంలో తెల్లవారుజామున ఈ పీఠభూమి మీద నడిచి చూసినవారు ఆ ప్రశ్న వేయరు. అదీగాక అల్లిక సూదులు రాకముందు నుంచీ ఇది ఉన్ని ఎరిగిన నేల. పంటను నమ్ముకోలేని సీమలో గొర్రెల మందే రైతుకు ధైర్యం. దక్కను గొర్రెల ముతక నల్ల ఉన్నితో కురుబలు గుంటమగ్గాల మీద కంబళ్ళు నేశారు. దారానికి చింతగింజల గంజి పట్టించేవారు. కంబళి వానకు గొడుగు, చలికి దుప్పటి, పొలం గట్టున పరుపు. మగ్గం మీద కూర్చున్నది సాధారణంగా మగవాడు. ఆ మగ్గానికి కావలసిన ఉన్నిని వడికింది ఎక్కువగా ఆడవాళ్ళు. ఒక కంబళికి సరిపడా దారం వడకడానికి ఎన్ని రోజులు పట్టేదో లెక్క రాసినవారు అరుదు. కంబళికి ధర ఉండేది, వడకడానికి ఉండేది కాదు. తరవాత మాంసం కోసం ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు విస్తరించడంతో ఆ ఉన్నీ తగ్గింది, దానితోపాటే ఆ వడకడమూ.

ఇక నేను చేసే అల్లిక సంగతి. నేతకు పడుగూ పేకా కావాలి, మగ్గం కావాలి. అల్లికకు రెండు సూదులూ ఒకే దారమూ చాలు. ముడి లేకుండా ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు లాగుతూ పోవడమే దాని కిటుకు. ఈ పద్ధతిలో అల్లిన పాత నమూనాలు ఈజిప్టులో దొరికాయి. వాటి కాలం సుమారు 11 నుంచి 14వ శతాబ్దాల మధ్య. రిచర్డ్ రట్ అనే ఆంగ్లికన్ బిషప్పు 1987లో చేతి అల్లిక చరిత్రను ఒక పెద్ద గ్రంథంగా వెలువరించాడు. అల్లికను గురించి బిషప్పు రాయడమేమిటని నవ్వుకుంటూ మొదలుపెట్టి, గౌరవంతో ముగించాను. 16వ శతాబ్దపు ఐరోపా నగరాలలో అల్లికకు వృత్తి శ్రేణులు ఉండేవి. వాటిలో సభ్యులు ప్రధానంగా పురుషులు. ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి, నైపుణ్యం రుజువు చేసుకుంటేనే ఉస్తాదు హోదా. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. ఆ తరవాతి శతాబ్దాలలో వ్యాపారం క్రమంగా యంత్రాల చేతికి పోయింది, చేతి అల్లిక ఇంటి వసారాకు చేరింది. సూదులూ అవే, ఉచ్చులూ అవే. శ్రేణిలో ఉన్నంతకాలం అది విద్య. ఇంట్లోకి వచ్చాక కాలక్షేపం.

ఇది ఇంట్లోకి, అందునా ఆడవారి ఒడిలోకి ఎందుకు వచ్చిందన్నదానికి ఎలిజబెత్ వేలాండ్ బార్బర్ 1994లో రాసిన పుస్తకంలో ఒక సమాధానం ఉంది. ఆదికాలం నుంచీ నూలూ బట్టా స్త్రీల పని ఎందుకైనాయో వివరిస్తూ, ఆమె జూడిత్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1970లో చేసిన పరిశీలనను ఆధారం చేసుకున్నారు. పిల్లలను కనిపెట్టుకుంటూ చేయగల పని ఎలా ఉండాలి? మధ్యలో ఆపినా చెడకూడదు, మళ్ళీ ఎక్కడ ఆపామో అక్కడ అందుకోగలగాలి, ప్రమాదం ఉండకూడదు. వడకడం, నేయడం, అల్లడం అలాంటివి. చదివిన రోజున నా సొంత చదువు కూడా అలాంటిదేనని తోచింది. పొయ్యి మీద పాలు పొంగేలోగా రెండు పేజీలు, కుక్కరు మూడు కూతలు వేసేలోగా రెండు వరసలు. ముక్కలు ముక్కలుగా జరిగే పని చూసేవారికి పనిలా కనబడదు. తీరిక అన్న మాట పుట్టేది అక్కడే.

ఆ మాట చేసే అన్యాయం ఎంతటిదో మన తెలుగునేల మీదే ఒక పండితురాలు నిరూపించారు. జర్మనీకి చెందిన మారియా మీస్ (1931–2023) 1970ల చివర నరసాపురం ప్రాంతంలో క్రోషియా లేసు అల్లే స్త్రీల మధ్య పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పని గోదావరి డెల్టాలో ఇంటింటికీ పాకింది. ఒకరు పూలు అల్లితే మరొకరు వాటిని అతికేవారు. సరుకు సముద్రాలు దాటి అమ్ముడుపోయేది. ఆ స్త్రీలు ఇంటిపనులు కాక రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లేవారు. వచ్చే డబ్బు వ్యవసాయ కూలికన్నా తక్కువ. అయినా ఎగుమతిదారులూ, ఇంటి మగవారూ, చాలాసార్లు ఆ స్త్రీలూ కూడా దానిని తీరిక వేళల వ్యాపకమనే చెప్పారు. గోషా పాటించే కుటుంబాలలో అది పరువుకు గుర్తు కూడా: మా ఆడవాళ్ళు కూలికి పోరు, ఇంట్లో ఉంటారు. ఇంట్లో ఉండేది గృహిణి, గృహిణి చేసేది పని కాదు, పని కాని దానికి కూలి అడగకూడదు. గొలుసు కుట్టులాగే ఒకదానిలోంచి ఒకటి సాగే ఈ తర్కాన్ని మీస్ విప్పి చూపారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరు వచ్చింది, సంతోషమే. అల్లిన చేతులకు పేరు ఎప్పుడన్నది వేరే ప్రశ్న.

డెల్టా నుంచి మళ్ళీ మా మెట్టసీమకు వస్తాను. మీస్ పుస్తకం ముగించిన వారంలోనే ధర్మవరం వెళ్ళవలసి వచ్చింది (2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది). ఒక ఇంట్లో భర్త మగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు. ఇల్లాలు వాకిట్లో కూర్చుని కండెలు చుడుతోంది. ఏం పని చేస్తావమ్మా అని అడిగాను. "నేనేం చేస్తానక్కా, ఊరికే ఇంట్లో ఉంటా" అన్నది, చుట్టడం ఆపకుండానే. ఆమె చేయి ఆగితే లోపల మగ్గం ఆగుతుంది. అయినా ఆ ఇంట్లో నేతగాడు ఒక్కడే.

ఈ మరపు ఈనాటిది కాదు. 1530ల ప్రాంతంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ కట్టించిన లేపాక్షి ఆలయానికి వెళ్ళండి. మంటపం పైకప్పు చిత్రాలలో స్త్రీల చీరల గళ్ళు, చారలు, అంచుల పూలు నేటికీ నేతగాళ్ళకు నమూనాలు. కట్టించినవారి పేరు చరిత్రకు ఎక్కింది. ఆ చీరలకు నూలు తీసినవారి ఊసు లేదు.

లెక్కలో లేకపోవడమంటే ఏమిటో కరువు వేళ తెలుస్తుంది. 1876–78 మహాక్షామంలో అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లా 1882లో ఏర్పడింది. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణాకు కుదించాడు. స్త్రీలకు, పిల్లలకు ఇంకా కొంత తక్కువ. రాళ్ళు కొట్టినవారి ఆకలిని కూడా కొలిచి తగ్గించిన లెక్క అది. దాదాపు 130 ఏళ్ళ తరవాత, 2006 ఫిబ్రవరి 2న, ఇదే జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆరంభమైంది. స్త్రీకీ పురుషుడికీ ఒకే కూలి అని ఆ చట్టం పలికింది. గట్టు మీద మట్టి మోస్తే స్త్రీ శ్రమ లెక్కకు వచ్చింది. ఇంటి గడప లోపలి శ్రమ అప్పటికీ రాలేదు.

ఎక్కడా లెక్క మారలేదని అనను. 2019–20 నాటి నాలుగవ జాతీయ చేనేత గణన నేతలోనూ అనుబంధ పనుల్లోనూ ఉన్న పెద్దలలో 72 శాతం స్త్రీలేనని తేల్చింది. అనుబంధ పని అన్న ఆ గడిలో ధర్మవరం ఇల్లాలికి చోటుంది. సాహిత్యమూ తన వంతు చేసింది. బండి నారాయణస్వామి 'శప్తభూమి' (2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం) 18వ శతాబ్దపు అనంతపురం సీమను కోటల వైపు నుంచి గాక బతుకుల వైపు నుంచి చూపింది. గెజిటీరు వదిలేసినవారిని నవల పిలిచి కూర్చోబెట్టుకున్నట్టు అనిపించింది.

మన భాషలో ఒక చిత్రం ఉంది. మల్లెపందిరి అల్లుకుంటుంది, బుట్ట అల్లుతారు, జడ అల్లుతారు, కవిత కూడా అల్లుతారు. పెద్దన పద్యాన్ని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మన పెద్దలకు దొరికిన మాట అల్లికే. ఆ గౌరవం పద్యానికి దక్కింది, సూదికి దక్కలేదు. మీ ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెల అడుగున అమ్మలూ జేజులూ అల్లిన స్వెటరో, లేసు గుడ్డో ఉండే ఉంటుంది. ఈసారి దానిని బయటికి తీసినప్పుడు ఎంత బాగుందో అని ఊరుకోకండి. ఎన్నాళ్ళు పట్టిందని అడగండి. చెప్పడానికి వారు ఇంకా ఉంటే, ఆ జవాబును తేదీ వేసి రాసిపెట్టండి.