మట్టి నుంచి సంచిలోకి: బ్రాయిలర్ దాణాలో ఖనిజాలు, ప్రోబయాటిక్‌ల చరిత్ర

పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెల్లో నాటుకోడి తన తిండి తానే వెతుక్కునేది. కళ్లంలో రాలిన గింజలు, చెదలు, దిబ్బలో పురుగులు దాని మేత. ఒంటికి కావలసిన ఖనిజాలూ, పేగులో స్థిరపడే సూక్ష్మజీవులూ చాలావరకు ఆ మట్టిలోనే దొరికేవి. షెడ్డులో ఊక మీద పెరిగే బ్రాయిలర్‌కు ఆ దారి లేదు. మట్టి ఇచ్చినదాన్ని సంచిలో పెట్టి ఇవ్వడమెలాగన్నదే దాణా శాస్త్రం ముందున్న ప్రశ్న.

మొదటి జవాబు ఖనిజాలు. కోడిపిల్లల మడమ కీలు వాచి, స్నాయువు (టెండన్) పక్కకు జారి, కాళ్లు వంకరపోయే జబ్బుకూ మాంగనీసు లోపానికీ ఉన్న సంబంధాన్ని 1936లో అమెరికాలోని కార్నెల్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 1950ల చివరికి జింక్, సెలీనియం కూడా ఈ జాబితాకెక్కాయి. మొక్కజొన్నలో, సోయా చెక్కలో జింక్ ఉన్నా, గింజలోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పట్టి ఉంచి పేగుకు అందనివ్వదు. అందుకే దాణాలో విడిగా కలపాల్సి వస్తోంది.

రెండో జవాబు తెలుగువాడి నాయకత్వంలో నడిచిన ప్రయోగశాల నుంచి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథిగా ఉన్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ తర్వాత అక్కడే థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ బి12 విటమిన్ కోసమని ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్ వల్ల, విటమిన్ ఒక్కదానితో వచ్చే ఎదుగుదలను మించి పిల్లలు పెరిగాయి. దాణాలో యాంటీబయాటిక్ వాడకాన్ని 1951లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. జబ్బు లేకున్నా రోజూ కాస్త యాంటీబయాటిక్ మేపడం ప్రపంచమంతా పాకింది. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాక, తెలుగునాట పరిశ్రమగా ఎదిగిన కోళ్ల పెంపకానికీ ఆ అలవాటు అబ్బింది.

మందుకు లొంగని బ్యాక్టీరియా పుడుతుందని 1969లోనే బ్రిటన్‌లో స్వాన్ కమిటీ హెచ్చరించింది. ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లన్నిటినీ ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. మన దేశం 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

మూడో జవాబుకు పునాది 1973లో ఫిన్లాండ్‌లో పడింది. ఇంక్యుబేటర్‌లో పుట్టిన పిల్లకు తల్లి పొదగడమూ తెలియదు, తల్లి పేగులోని సూక్ష్మజీవులూ అందవు. నుర్మీ, రంతాలా అనే శాస్త్రవేత్తలు పెద్దకోడి పేగులోని పదార్థాన్ని పిల్లలకు పట్టిస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయింది. బస్సులో ముందెక్కినవాడికి సీటు దొరికినట్టు, ముందు చేరిన మంచి సూక్ష్మజీవులు చెడ్డవాటికి చోటివ్వవు. ఇక్కడి నుంచే లాక్టోబాసిల్లస్, ఈస్ట్, బాసిల్లస్ రకాల ప్రోబయాటిక్‌లు కోళ్ల దాణాలో నిలదొక్కుకున్నాయి. వీటిలో బాసిల్లస్ స్పోర్ రూపంలో ఉంటుంది కాబట్టి పెల్లెట్ దాణా తయారీ వేడిని తట్టుకుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ కూడా ప్రోబయాటిక్‌ల మీద, సేంద్రియ రూపంలోని సెలీనియం, క్రోమియం, జింక్ మీద పరిశోధనలు చేసింది.

అయితే పుట్టపర్తి ఉన్న అనంతపురం మెట్టలో ఈ జవాబులకు వేరే పరీక్షలున్నాయి. ఒకటి దాణాలో కలిపే వేరుశనగ చెక్క. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ముప్పు పెరుగుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపింది వేరుశనగ చెక్కలోని ఈ విషమే. బెంటొనైట్ వంటి బంకమట్టి ఖనిజాన్ని దాణాలో కలిపితే పేగులోనే దాన్ని చాలావరకు పట్టేస్తుంది. రెండోది ఎండ. వేడికి రొప్పే కోడి రక్తంలో లవణాల పొందిక చెడుతుంది, పేగు పొర బలహీనపడుతుంది. నీళ్లలో ఎలక్ట్రొలైట్లు కలిపేది అందుకే. మూడోది నీరు. కోడి తిన్న దాణాకు దాదాపు రెట్టింపు నీరు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఫ్లోరైడ్, కాఠిన్యం ఉన్న బోరు నీటితో సంచి మీద రాసిన ఖనిజాల లెక్క తప్పుతుంది. క్లోరిన్ వేసిన నీళ్లలోనే ప్రోబయాటిక్ కలిపితే మేలు చేసే జీవులే ముందు చస్తాయి.

మాంగనీసు నుంచి బాసిల్లస్ దాకా ప్రతి సంచీ ఏదో ఒక లోటును సరిగ్గా గుర్తించాకే పనికొచ్చింది. కాబట్టి ఈ నేల మీద కోళ్లు పెంచే రైతు కొత్త సంచి కొనడానికి ముందు పెట్టాల్సిన ఖర్చు బోరు నీటి పరీక్షకు.